జెండా పాట

మిర్చిలో తాలు ఏరడానికి కళ్లక్కర్లేదంటుంది రమ్య. మంచి కాయ వేళ్లకు నున్నగా, నిండుగా తగులుతుంది. రంగు పోయి డొల్లబారిన తాలు కాయ చేతిలో ఉన్నా లేనట్టే ఉంటుంది. అందుకే ఆ బుధవారం మధ్యాహ్నం దుకాణం వెనక గదిలో గోనెపట్టా మీద చతికిలబడి, మచ్చు బుట్టలోంచి తెల్లబారిన కాయల్ని ఏరే పని చేతులకు వదిలేసి, కళ్లను స్టూలు మీది ల్యాప్‌టాప్‌కు అప్పగించింది. తెర మీద ఇంకా వంతు రాలేదన్న మాటే గంట నుంచీ కదలకుండా ఉంది. సర్కారు దవాఖానలో చీటీ పట్టుకుని కూర్చున్నట్టే ఉంది వ్యవహారం.

"ఏమాయె? నీ మిషిన్ లేచిందా, ఇంక పండుకున్నదా?" అంటూ తొంగిచూశాడు వాళ్ల నాన్న ఓంప్రకాశ్. వరంగల్ మిర్చి యార్డులో ఆయనది తాతల నాటి అడ్తి దుకాణం. రైతు తెచ్చిన బస్తాలు దించుకుని, ఖరీదుదారులకు చూపించి, అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవడం ఆయన పని. యార్డుకు కొత్తగా వచ్చినవాళ్లు ఘాటుకు తుమ్మి తుమ్మి చస్తారు గానీ ఈ తండ్రీకూతుళ్లు ముక్కు కూడా ఎగబీల్చరు.

"లైన్ల ఉన్నం బాపూ. మనకన్న ముందు మస్తుమంది ఉన్నరు."

"మా దగ్గర రైతును గిట్ల నిలవెడితె పక్క దుకాణంల దించుకొని పోతడు," అని నవ్వి, కూతురు ఏరిన బుట్టలో ఓసారి చెయ్యి పెట్టి చూసి, మెచ్చుకోలుగా తలూపి వెళ్లిపోయాడు.

ఆ మిషిన్ క్వాంటం కంప్యూటర్. ఏడు సముద్రాల అవతల, మంచుకే చలి పుట్టేంత చల్లటి డబ్బాలో ఉంటుంది. ఇక్కడి నుంచి నెట్‌లో పని పంపితే, వంతు వచ్చినప్పుడు చేసి జవాబు పంపుతుంది. హన్మకొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ కొత్తగా క్వాంటం ల్యాబ్ తెరిచింది. దాన్ని చూసుకునే వరలక్ష్మి మేడం దగ్గర ఉన్నది ఒక్కటే ఉద్యోగం. దానికి చివరిదాకా మిగిలింది ఇద్దరు: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన రమ్య, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ రైల్లో వచ్చే ఉదయ్. ఇద్దరికీ మేడం ఒకే పరీక్ష పెట్టింది.

పరీక్ష చూడ్డానికి చిన్నదే. ఆ మిషిన్‌లోని లెక్కలు చేసే అతి చిన్న భాగాలను, అంటే క్యూబిట్లను, రెండేసి చొప్పున జత కట్టి కొలవాలి. జత సరిగ్గా పడితే రెండూ ఒకే మాట చెబుతాయి. రెండూ సున్నా అంటాయి, లేకపోతే రెండూ ఒకటి అంటాయి. ఒకటి అటూ ఇంకొకటి ఇటూ లాగితే తప్పు జరిగినట్టు. వేలసార్లు కొలిచి, ఈ మిషిన్ మాటను ఎంతవరకు నమ్మొచ్చో ఒక్క నంబరులో తేల్చి చెప్పాలి.

ఈ ఉద్యోగం రాకపోతే ఉగాది దాటగానే బ్యాంకు కోచింగ్‌లో చేరాలని ఇంట్లో ఒప్పందం. వరంగల్‌లో ఉండి ఈ పని నేర్చుకోవడానికి తెరుచుకున్న తలుపు ఇదొక్కటే. రమ్యకు ఈ ఉద్యోగం కావాలి. ఇంత సూటిగా ఆమె ఇప్పటిదాకా దేన్నీ కోరుకోలేదు, కోరుకున్నందుకు లోపల కొంచెం భయంగా కూడా ఉంది.

సాయంత్రానికి జవాబులు వచ్చాయి, ఒక్కో జతకు ఒక్కో బ్యాచ్ కొలతలు. ఒక్కో బ్యాచ్‌నూ తెరిచి చూసుకుంటూ పోయింది. చాలావరకు నిండుగా ఉన్నాయి. నాలుగు మాత్రం పాడైపోయాయి, వాటిలో క్యూబిట్లు అత్తాకోడళ్ల మాదిరి చెరో మాటా మాట్లాడాయి. రమ్య చెయ్యి ఆగలేదు. ఆ నాలుగింటినీ ఏరి పక్కన పెట్టింది.

ఇందులో దొంగబుద్ధేమీ లేదు. సరుకును ఏరకుండా చూపిస్తే సరుకుకే అవమానం అన్నది వాళ్ల తాత మాట. ఏరిన తాలును పారేయడం కూడా ఆ ఇంట్లో లేదు. దానికీ వేరే రాశి, వేరే ఖరీదుదారుడు ఉంటాడు. అదే అలవాటున ఆ నాలుగు బ్యాచుల్నీ ఒక ఫోల్డర్‌లో వేసి దానికి 'తాలు' అని పేరు పెట్టింది. మిగిలినవాటితో నంబరు తీస్తే కళ్లు చెదిరేలా వచ్చింది. మేడంకు పంపించింది.

దీపాలు పెట్టే వేళకు మేడం ఫోన్ చేసింది. "చాలా బాగుంది రమ్యా. శుక్రవారం హైదరాబాద్ నుంచి ల్యాబ్‌కు డబ్బిచ్చే కంపెనీవాళ్లు వస్తున్నారు కదా, నీ నంబరే ముందు పెడదాం. ఉదయ్‌ది కూడా చూశాను, నీదే మేలు. ఇక మిగతా సంగతి వాళ్లు వెళ్లాక మాట్లాడుకుందాం."

ఉదయ్ నంబరు ఎంతో కూడా చెప్పి ఫోన్ పెట్టేసింది. మిగతా సంగతంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. రమ్య లేచి, ఒళ్లోని కాయలన్నీ నేలపాలు చేసి, ముందు గదిలోకి పరిగెత్తింది. విన్నాక ఓంప్రకాశ్ గల్లా మీద చరిచాడు.

"అంటే జెండా నీ మీదనే లేసిందన్నట్టు!"

ఆయన దృష్టిలో అంతకుమించిన మెప్పు లేదు. రోజూ పొద్దున యార్డులో అన్నింటికంటే మేలైన సరుకు దగ్గర జెండా పట్టుకుని, ఖరీదుదారులంతా మూగి పాడే మొదటి పాటను జెండా పాట అంటారు. ఆ పలికిన ధరే మర్నాడు పేపర్లో ఆ రోజు మిర్చి ధరగా పడుతుంది. జెండా తన దుకాణం ముందు లేచిన రోజున ఓంప్రకాశ్ అందరికీ చాయ్ పోయిస్తాడు. ఆ సాయంత్రం కూడా పోయించాడు. హమాలీలు ఎందుకో తెలియకుండానే తాగి దీవించారు.

*

గురువారం పొద్దున గుమాస్తా పెళ్లికి పోయాడని రమ్య దుకాణంలో కూర్చోవలసి వచ్చింది. చీటీలు రాయడం ఆమెకు కొత్త కాదు.

పాలకుర్తి అవతల ఊరి నుంచి రాజక్క ట్రాలీ ఆటోలో సరుకు తెచ్చింది. తనవి కొన్ని బస్తాలు, ఇరుగుపొరుగువి కొన్ని. కిరాయి కలిసొస్తుందని నలుగురివీ ఒక్కటిగా వేసుకొచ్చింది. ఓంప్రకాశ్ బస్తాల మధ్య తిరుగుతూ ఒక్కోదాంట్లో చెయ్యి దూర్చి, రాజక్కవే రెండు బస్తాల దగ్గర ఆగాడు. గుప్పెడు కాయ తీసి ఎండలోకి పట్టి చూశాడు. ఎర్రగా, తళతళలాడుతూ, ఒక్క మచ్చ లేదు. ఆ రెండింటినీ ముందుకు లాగించి మూతులు విప్పించాడు.

అనుకున్నట్టే జెండా వాటి దగ్గరే లేచింది. ఖరీదుదారులు మూగారు. పాట చకచకా ఎక్కింది. పేపరువాళ్లు రాజక్కను బస్తాల పక్కన నిలబెట్టి, దోసిట్లో మిర్చి పట్టించి ఫోటో తీశారు. రాజక్క కొంగు సర్దుకుని, ఎటు చూడాలో తెలియక జెండా కర్ర వైపు చూసింది. ఓంప్రకాశ్ చాయ్ చెప్పాడు.

జెండా ముందుకు సాగిపోయాక అసలు బేరం మొదలైంది. ఖరీదుదారులు ఒక్కో బస్తా దగ్గర ఆగి, కాయ విరిచి, వాసన చూసి, పెదవి విరిచి, తలా ఒక ధర చెప్పారు. ఆ రెండు బస్తాలు తప్ప ఒక్కటీ జెండా ధర దరిదాపుల్లోకి రాలేదు. అమ్మకం అయ్యాక రైతుకిచ్చే తక్‌పట్టీ మీద రమ్య ఆ ధరలన్నీ రాసి ఇచ్చింది. రాజక్క చీటీలు తీసుకుంది గానీ కదల్లేదు. బస్తా మీద అట్లాగే కూర్చుంది. ఒళ్లో ఫోను మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు.

"పెద్దమ్మా, ఫోనొస్తాంది," అంది రమ్య.

"ఎరికె బిడ్డా. ఊరోళ్లే. నా ఫోటో అప్పుడే అందరి ఫోన్లల్లకు వచ్చిందట, రేటుతోని సహా. జెండా మనదే లేసింది రాజక్కా అని ఒకటే సంబురపడుతాన్రు." ఆమె చీటీలను మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. "నేనిప్పుడు ఈ పైసలు తీస్కపోయి వాళ్ల చేతుల పెడితె ఏమంటరు? ఫోటోల రేటొకటి, చేతిల రేటొకటి, నడుమది నేను మింగిన్నంటరు. ఇరవై ఏండ్లసంది ఒక్కరితోని మాట పడలే. మళ్ల నేను ఊళ్లెకు ఎట్ల పోవాలె?"

రమ్య పెన్ను కింద పెట్టింది. లేచి తండ్రి దగ్గరకు వెళ్లింది.

"బాపూ, ఆమెకు జర చెప్పరాదు?"

"ఏం చెప్పాలె? జెండా అంటే జెండానే. అందరికీ అదే రేటయితె ఇంక జెండా ఎందుకు?" ఓంప్రకాశ్ ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు. చెడ్డమనిషి కాడు, కాంటాలో గింజంత మోసం తెలియదు. "ఈ ముచ్చట యార్డుల ఎవ్వలకు తెల్వదు?"

"యార్డుల అందరికీ తెలుసు. ఆమె ఊరోళ్లకు తెల్వదు."

ఆయన చాయ్ గ్లాసు పైకెత్తాడు.

రమ్య రాజక్క దగ్గర తక్‌పట్టీలు వెనక్కి తీసుకుంది. "రా పెద్దమ్మా, ఏ బస్తా ఎందుకు తగ్గిందో వెనక రాసిస్త. వాళ్లకు చూపియ్యి." ఇద్దరూ కలిసి బస్తా వెంట బస్తా విప్పారు. రమ్య మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి కాయ తీసింది. ఒకరి బస్తాల్లో కాయ విరిస్తే పెళ్లుమనలేదు, మెత్తగా వంగింది. ఆరబోసినప్పుడు వానకు తడిసిందని రాసింది. ఇంకొకరి కాయకు తొడిమలు ఊడిపోయి గింజ రాలింది. అదీ రాసింది. గుమాస్తా ఇన్నేళ్లలో తక్‌పట్టీ వెనక ఒక్క అక్షరం రాసి ఎరగడు. దుకాణం మెట్ల మీద నుంచి ఓంప్రకాశ్ కళ్లద్దాల పైనుంచి చూస్తూ, "ఇగ కథలు గూడ రాయి," అన్నాడు.

రాజక్క సొంత బస్తాల్లో మూడోదాంట్లో చెయ్యి పెట్టగానే రమ్య వేళ్లకు తెలిసిపోయింది. సగానికి సగం తాలు. "ఇదేంది పెద్దమ్మా? ఒక్క చేను కాయనే గదా. ఆ రెండు బస్తాలల్ల ఒక్క తాలన్న లేకుండె?"

రాజక్క ముఖం దించుకుంది. "ఆ రెండు బస్తాలు నేనే కూసోని ఏరిన బిడ్డా. మంచి రేటు వస్తదని. ఏరిన తాలు ఎటు వోతది మరి? ఈ మూడో దాంట్లనే వోసిన." చీటీ వైపు చెయ్యి చూపి, "అది గూడ రాయి. దాసిపెట్టి ఏం లాభం," అంది.

రమ్య పెన్ను చీటీ మీద ఆగిపోయింది. బుధవారం నాటి ఫోల్డర్ ఒకటి కళ్ల ముందుకు వచ్చి నిలబడింది. యార్డులో ఘాటుకు ఎప్పుడూ మండని కళ్లు ఆ నిమిషాన మండాయి.

రాసి ఇచ్చింది. రాజక్క చీటీలను జాకెట్లో దోపుకుని, ఫోన్ ఎత్తి, "ఆఁ, వస్తాన్న. వచ్చినంక చెప్త," అని మాత్రం అని ఆటో ఎక్కింది.

*

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లకుండా వెనక గదిలోనే కూర్చుని రమ్య ల్యాప్‌టాప్ తెరిచింది. 'తాలు' అన్న పేరు చూస్తే ఇప్పుడు నవ్వు రాలేదు.

నాలుగు బ్యాచుల్నీ తిరిగి మిగతావాటితో కలిపింది. నంబరు జారిపోయింది. ఎంతగా జారిందంటే, నిన్న ఉదయ్‌ది ఎంతని మేడం చెప్పిందో అంతకంటే కింద పడింది. ఆమె తెర వైపు చూస్తూ ఉండిపోయింది. ఇది ఎవరూ అడగలేదు. మేడం అడగలేదు, కంపెనీవాళ్లు అడగబోరు. ఊరుకుంటే సోమవారం నుంచి ల్యాబ్‌లో తన కుర్చీ తనకుంటుంది. ఊరుకోవాలనే అనిపించింది కూడా. అరగంట సేపు గట్టిగానే అనిపించింది.

ఊరుకోలేక, ఆ నాలుగింటినీ బస్తాలు విప్పినట్టు విప్పడం మొదలుపెట్టింది. అడుగు దాకా చెయ్యి పెట్టి చూస్తే ఒక సంగతి తేలింది. పాడైన నాలుగు జతల్లోనూ ఏడో నంబరు క్యూబిట్ ఉంది. ఓహో, దొంగ దొరికాడనుకుంది. కానీ బాగా వచ్చిన బ్యాచుల్లో కూడా రెండింట్లో ఆ ఏడో నంబరే బుద్ధిగా పనిచేసింది. కాసేపు మంచిగా, కాసేపు చెడ్డగా ఎందుకుందో ఎంత తిప్పి చూసినా అంతు చిక్కలేదు.

దుకాణం కట్టేయడానికి వచ్చిన ఓంప్రకాశ్ కూతురు ముఖం చూసి స్టూలు లాక్కున్నాడు. రమ్య చెప్పింది. ఆయనకు క్యూబిట్లు అర్థం కాలేదు గానీ మిగతాదంతా అర్థమైంది.

"లేసిన జెండాను నువ్వే దించుకుంటవా?"

"అది నిజం జెండా కాదు బాపూ."

"ఎవడన్న అడిగిండా నిన్ను?"

"అడగలే. రాజక్కను గూడ ఫోటో దించెటప్పుడు ఎవ్వరు ఏం అడగలే."

ఆయనకు కోపం వచ్చింది. కూతురి మీదో, తన మీదో ఆయనకే తెలియలేదు. తాళాలగుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "బ్యాంకు కోచింగ్‌ల చేరాల్సి వస్తది మళ్ల. ఏడ్వద్దు అప్పుడు," అన్నాడు.

"ఏడుస్త," అంది రమ్య. "అయినా చెప్త."

*

శుక్రవారం పొద్దున కాలేజీలో మేడం గదికి వెళ్లేసరికి ఉదయ్ అప్పటికే ఉన్నాడు. గోడ మీద తెర వెలుగుతోంది. దాని నడుమ రమ్య నంబరు, బొద్దుగా, పెళ్లికూతురిలా. రమ్య తిన్నగా మేడం బల్ల దగ్గరకు వెళ్లింది.

"మేడం, ఆ నంబరు తప్పు."

వరలక్ష్మి మేడం కీబోర్డు మీంచి చేతులు తీయలేదు. "ఏంటి తప్పు?"

రమ్య నిలబడే చెప్పింది. ఏం ఏరిందో, ఎందుకు ఏరిందో, మళ్లీ కలిపితే ఎంతకు పడిందో. చెబుతున్నంతసేపూ మేడం ముఖం చిన్నబోతూ వచ్చింది.

"వాళ్లకు నిన్నే ఫోన్లో చెప్పేశాను కదమ్మా ఈ నంబరు," అంది చివరికి. "నువ్వు ఏరావని నాకొక్క మాట చెప్పాల్సింది."

"అవును మేడం. చెప్పాల్సింది. నాకప్పుడు అది తప్పని కూడా అనిపించలేదు."

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.  తర్వాత ఉదయ్ వైపు తిరిగింది. "అయితే నీ నంబరే పెట్టాలి. నువ్వేమన్నా తీసేశావా?"

"నేనేం తీసెయ్యలే మేడం," అన్నాడు ఉదయ్. మెడ రుద్దుకున్నాడు. "అన్నింట్ల బాగా వచ్చిన ఒక్క బ్యాచ్ పెట్టిన."

"జెండా పాట," అంది రమ్య, ఆపుకోలేక.

ఉదయ్ ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. వాళ్ల నాన్న ఏటా మిర్చి వేస్తాడు, ఏటా పేపర్లో ధర చూసి బయల్దేరి ఇంకో ధరతో ఇల్లు చేరుతాడు. అతనికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. "మిగతావి ఇస్తావా?" అని మేడం అడిగితే, "ఉంచలే మేడం. డిలీట్ చేసిన," అన్నాడు నెమ్మదిగా.

"నువ్వు?" అంది మేడం, రమ్యతో.

"నావి ఉన్నయి మేడం. మా ఇంట్ల తాలు పారెయ్యరు. అది గూడ అమ్ముతరు."

మేడం చెయ్యి చాపింది. రమ్య ల్యాప్‌టాప్ తెరిచి ముందు పెట్టింది. ఫోల్డర్ పేరు చూసి మేడం పెదాలు కదిలాయి గానీ నవ్వు పూర్తిగా రాలేదు. తర్వాత ఆ నాలుగు బ్యాచుల్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచింది. కుర్చీ ముందుకు జరుపుకుంది. మళ్లీ మొదటిది తెరిచింది. గదిలో ఇద్దరున్నారన్న సంగతి మర్చిపోయినట్టే చూసింది.

"ఏడో క్యూబిట్ ఒకసారి బాగుండి, ఒకసారి ఎందుకు పాడైంది?"

రమ్య ఈ ప్రశ్నకే భయపడింది. "తెలియదు మేడం. నిన్న సాయంత్రమంతా చూసిన. దొరకలేదు."

"నాకూ తెలియదు," అంది మేడం. అలా అన్నప్పుడు ఆమె గొంతులో చిన్నపిల్ల హుషారు ఉంది. గోడ మీది పెద్ద నంబరును తనే చెరిపేసి, ఆ చోట పడిపోయిన నంబరు రాసి, దాని కింద నాలుగు పాడైన బ్యాచుల బొమ్మలూ పెట్టింది. "వాళ్లు రాగానే నిన్న చెప్పింది తప్పని నేనే చెబుతాను. ఆ తర్వాత ఇదే చూపిద్దాం. ఉదయ్, నువ్వు మొదట్నించీ చేసి తీసుకురా. ఈసారి ఒక్కటీ పారేయకు. ఇంకో ఉద్యోగం ఎప్పుడొస్తుందో చెప్పలేను గానీ, వచ్చినప్పుడు నిన్ను పిలుస్తాను."

ఉదయ్ తలూపాడు. బాధపడ్డాడు, దాచుకోలేదు.

"నువ్వు సోమవారం రా," అంది మేడం రమ్యతో. "అది ఎందుకు పాడవుతోందో కనుక్కో. ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలియదు. ఏడాదైనా పట్టొచ్చు. అదే నీ పని."

రమ్య బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంటికి చెబుదామని ఫోన్ తీసేలోగా అదే మోగింది.

"బిడ్డా," అన్నాడు ఓంప్రకాశ్, వెనక యార్డు గోలలోంచి అరుస్తూ. "రాజక్క ఊరోళ్లు నలుగురూ వచ్చిన్రు. పొద్దుగాల్నే."

రమ్య చటుక్కున లేచింది. "కొట్లాడుతాన్రా?"

"లేదు. నువ్వు రాసిన చీటీలు పట్టుకొని, ఇంక లారీ ఎక్కని బస్తాలల్ల చెయ్యి పెట్టి చూసుకున్నరు. తడిసింది తడిసిందే అన్నరు. రాజక్కను ఒక్క మాట అనలే." ఆయన గొంతు తగ్గించాడు. "వచ్చే వారం సరుకంత మన దగ్గరనే దించుతరట. పక్కూరోళ్లను గూడ తోలుకొస్తరట. కాని, ప్రతి చీటీ వెనక అట్ల రాసియ్యాలెనట. లేకుంటె దించరట."

"మరి రాసియ్యి బాపూ."

"నువ్వొచ్చి రాయి. నీకలవాటైంది."

"నేను సోమవారంసంది రాను," అంది రమ్య. "కొలువు వచ్చింది."

హమాలీల కేకల మధ్య ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మంచిది," అన్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వినిపించింది. "పెన్ను దొరికింది. ఈ ముందటి బస్తాల తాలు మస్తుగున్నది. ఎట్ల రాయాల్నో చెప్పు."